పిల్లికి జ్వరమొస్తే ఎవరినడగాలి?

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం చివరి గంట కొట్టాక మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడింది. "మాస్టారూ, మా పిల్లి పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఒళ్ళు వేడిగా ఉంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, "జ్వరమై ఉంటుందిలే. ఇంట్లో జ్వరం బిళ్ళ ఉంటే సగం విరిచి పాలలో కలిపి పట్టించు" అన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను అన్న మాట అది. ఆ పిల్లి మర్నాటి రాత్రి చచ్చిపోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ముందుగా నేను చేసిన తప్పేమిటో చెబుతాను. తరువాత అడగవలసిన మనిషి ఎవరో, అతనితో మనం ఎలా నడుచుకోవాలో చూద్దాం.

అర బిళ్ళ ఏం చేసింది?

జ్వరం బిళ్ళలో ఉండే మందు పేరు పారాసిటమాల్. మామూలు బిళ్ళలో అది 500 మిల్లీగ్రాములు ఉంటుంది. 60 కిలోల మనిషి ఒక బిళ్ళ వేసుకుంటే కిలో బరువుకు సుమారు 8 మిల్లీగ్రాములు పడుతుంది. ఆ పిల్లి బరువు రెండున్నర కిలోలు. అర బిళ్ళ, అంటే 250 మిల్లీగ్రాములు. లెక్క వేసి చూడండి, కిలోకు 100 మిల్లీగ్రాములు! మనిషి వేసుకునే దానికి పన్నెండు రెట్లు. అర బిళ్ళే కదా అని నోటితో అనేశాను. కాగితం మీద భాగహారం చేసి ఉంటే ఆ క్షణంలోనే నాలుక కరుచుకునేవాణ్ణి.

కాని తప్పు మోతాదులోనే లేదు. తక్కువ ఇచ్చినా పిల్లికి పారాసిటమాల్ పనికిరాదు. మన కాలేయం ఈ మందులో ఎక్కువ భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లం అనే పదార్థంతో జతచేసి, నీటిలో కరిగేలా మార్చి, మూత్రం ద్వారా బయటికి పంపేస్తుంది. ఆ జతచేసే పనికి ఒక ఎంజైము కావాలి. పిల్లి జాతిలో ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు చెడిపోయి ఉంది. సింహానికీ అంతే, ఇంట్లో తిరిగే పిల్లికీ అంతే. వేల తరాలుగా మాంసమే తిని బతికిన జంతువులు కనుక మొక్కల్లో ఉండే విషాలను విరగగొట్టే ఆ ఎంజైము లేకపోయినా వాటికి ఇబ్బంది కలగలేదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

బయటికి పోయే దారి మూసుకుపోయిన మందు శరీరంలోనే ఉండి మరో విషపదార్థంగా మారుతుంది. అది ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుందని మీరు చదువుకున్నారు. ఆ ఇనుము ఫెర్రస్ రూపంలో ఉన్నంతవరకే ఆక్సిజన్‌ను మోస్తుంది. ఈ విషం దాన్ని ఆక్సీకరణం చేసి ఫెర్రిక్ రూపంలోకి మార్చేస్తుంది. అలా మారినదాన్ని మెట్‌హీమోగ్లోబిన్ అంటారు. అది ఆక్సిజన్‌ను మొయ్యలేదు. పిల్లి గాలి పీలుస్తూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాని కణాలకు ఆక్సిజన్ చేరదు. చిగుళ్ళు నీలంగా, తరువాత మట్టిరంగుగా మారతాయి. మొహం, పాదాలు వాస్తాయి. రక్తం చింతపండు పులుసు రంగులోకి వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అసలు ఆ పిల్లికి జ్వరం ఉందో లేదో నాకు తెలియదు. మన ఒంటి వేడి సుమారు 98.4 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆరోగ్యంగా ఉన్న పిల్లికీ, కుక్కకూ 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. అందుచేత మన చేతికి అవి ఎప్పుడూ వెచ్చగానే తగులుతాయి. 102 అంటే మనకు మంచి జ్వరం, పిల్లికి మామూలు రోజు. ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు ఈ అంకె తెలుసు. గుర్తు రాలేదు, అంతే.

చిన్న మనుషులు కావు

ఒకరికి మందైనది ఇంకొకరికి విషం కావచ్చు. చాక్లెట్టులో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంది. మన శరీరం దాన్ని కొద్ది గంటల్లో వదిలించుకుంటుంది. కుక్క శరీరంలో అది చాలాసేపు నిలిచిపోయి గుండెదడ, వణుకు, ఫిట్లు తెప్పిస్తుంది. ఉల్లిపాయ కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలకు మూత్రపిండాలు చెడగొడతాయి. కుక్క మీది గోమార్లు చావడానికి రాసే పెర్మెత్రిన్ మందును పిల్లికి రాస్తే వణికి చచ్చిపోవచ్చు. ఒళ్ళు నొప్పులకు మనం మింగే ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది.

మన దేశంలో ఇంతకన్నా పెద్ద పాఠం కూడా జరిగింది. పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. పశువు కోలుకునేది. కోలుకోక చనిపోయిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మాత్రం మూత్రపిండాలు చెడి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కారణం ఈ మందేనని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. 2006లో ప్రభుత్వం దాన్ని పశువైద్యంలో నిషేధించింది. పశువుకు మంచిదైన మందు రాబందుకు మృత్యువైంది.

కాబట్టి మందుల షాపులో కుర్రవాడిని అడిగినా, నాలాంటి మాస్టారిని అడిగినా జంతువుకు మందు దొరకదు. ఈ తేడాలన్నీ చదువుకున్న మనిషి వేరే ఉన్నాడు.

పశువైద్యుడంటే ఎవరు?

ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య కళాశాలను ఫ్రాన్సులోని లియోన్ నగరంలో క్లోడ్ బూర్జిలా అనే ఆయన స్థాపించాడు. దానికి 1761లో అనుమతి వచ్చింది. ఆ రోజుల్లో ఐరోపాలో రిండర్‌పెస్ట్ అనే జబ్బు వచ్చి పశువులు లక్షల్లో చచ్చేవి. ఆ భయమే ఈ చదువును పుట్టించింది. అదే రిండర్‌పెస్ట్ 2011లో ప్రపంచం నుంచే తొలగిపోయిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తరువాత మనం పూర్తిగా నిర్మూలించగలిగిన రెండో వ్యాధి అది. ఆ పని చేసింది పశువైద్యులు. మన పాఠ్యపుస్తకాల్లో మశూచికి దొరికినంత చోటు దీనికి దొరకలేదు.

మన దేశంలో పశువైద్యుని పట్టాను బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. అంటారు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివాక మొత్తం అయిదున్నర సంవత్సరాల చదువు. అందులో చివరి సంవత్సరం పశువైద్యశాలల్లో పని నేర్చుకోవడమే. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల మొదలైన చోట్ల ఈ కళాశాలలు ఉన్నాయి. మనుషుల డాక్టరు ఒక జాతినే చదువుతాడు. పశువైద్య విద్యార్థి ఆవు, గేదె, గొర్రె, గుర్రం, పంది, కోడి, కుక్క, పిల్లి అన్నీ చదవాలి. ఆవుకు నాలుగు గదుల కడుపు, కోడికి పళ్ళు లేవు, పిల్లికి పైన చెప్పిన ఎంజైము లేదు!

1984లో వచ్చిన భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పట్టా పుచ్చుకున్న ప్రతి డాక్టరూ రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. అలా నమోదైనవారే పశువైద్యం చెయ్యాలి. మీ ఊళ్ళో పశువుల డాక్టరుగారని అందరూ పిలిచే ఆయన నిజానికి కాంపౌండరో, గోపాలమిత్రో కావచ్చు. వాళ్ళను చిన్నచూపు చూడకండి. డాక్టరు పర్యవేక్షణలో కట్లు కట్టడం, టీకాలు వెయ్యడం వంటి చిన్న పనులు వారు చక్కగా చేస్తారు. రాత్రివేళ వాన కురుస్తున్నా వచ్చేది చాలా ఊళ్ళలో వారే. కాని జబ్బేమిటో తేల్చి మందు నిర్ణయించే పని వారిది కాదు. మీరు ఎవరి దగ్గరికి వెళుతున్నారో తెలుసుకుని వెళ్ళండి. గోడ మీద పట్టా, మందుల చీటీ మీద నమోదు సంఖ్య ఉంటాయి. "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?" అని మర్యాదగా అడిగితే నిజమైన డాక్టరు నొచ్చుకోడు.

మోతి కథ

మంచి డాక్టరును ఎలా గుర్తుపట్టాలో మా కుక్క మోతి వల్ల నేర్చుకున్నాను. అది అన్నం మానేసి మూలన పడుకుంది. ఎవరో చెబితే ఒకాయనను పిలిపించాను. ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. కుక్కను దూరం నుంచే చూసి, "ఏం ఫర్వాలేదు" అంటూ ఒక ఇంజెక్షను పొడిచి వెళ్ళిపోయాడు. నిజంగానే మర్నాడు మోతి లేచి గెంతింది, అన్నం తింది. ఆయన చేతి చలవ అని మా ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. మూడో రోజుకు మళ్ళీ పడిపోయింది. మళ్ళీ ఇంజెక్షను, మళ్ళీ గెంతులు. పదో రోజున ముక్కులోంచి రక్తం కారింది. ఆ ఇంజెక్షను ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. స్టిరాయిడు వంటి కొన్ని మందులు వాపునూ జ్వరాన్నీ అణచివేసి ఆకలి పుట్టిస్తాయి. రోగి బాగుపడినట్టు కనబడతాడు. లోపల జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

అప్పుడు మోతిని రిక్షాలో వేసుకుని పట్నంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చేసిన పనులు వరసగా చెబుతాను, గమనించండి. ముందు కుక్కను తూచింది. తరువాత నన్ను కూర్చోబెట్టి ఎప్పటినుంచి, ఏం తిన్నది, ఏం మందులు వాడారు అని పది నిమిషాలు అడిగింది. వేడి చూసింది, చిగుళ్ళు చూసింది, పొట్ట తడిమింది. చెవి మడతల్లో, కాలి వేళ్ళ మధ్య వెతికి రెండు గోమార్లు పీకి నాకు చూపించింది. అప్పుడు చెవి కొస నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసింది.

"రండి మాస్టారూ, మీరూ చూడండి" అన్నది.

తెల్ల రక్తకణం లోపల చిన్న ఊదారంగు గుత్తి కనిపించింది. అది ఎర్లీషియా అనే సూక్ష్మజీవి. గోమారు కాటు ద్వారా కుక్క రక్తంలో ప్రవేశిస్తుంది. అది సోకిన కుక్కలో రక్తం గడ్డకట్టడానికి అవసరమైన రక్తఫలకికలు పడిపోతాయి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో రెండు లక్షలకు పైగా ఉండవలసినవి మోతిలో ఇరవై వేలే ఉన్నాయి. ముక్కులోంచి రక్తం అందుకే. ఇరవై ఎనిమిది రోజులు మందు రాసి, "నాలుగు రోజుల్లో లేచి తిరుగుతుంది. తిరిగింది కదా అని మందు ఆపకండి" అని రెండుసార్లు చెప్పింది. ఇంట్లో గోడ పగుళ్ళలో దాక్కునే గోమార్లను చంపకపోతే జబ్బు మళ్ళీ వస్తుందని కూడా చెప్పింది. మోతి ఆ తరువాత ఆరేళ్ళు బతికింది.

నేను పోల్చి చెప్పదలచుకున్నది ఇద్దరు మనుషులను కాదు, రెండు పద్ధతులను. ఒకటి చూడకుండా చేసిన చికిత్స. రెండోది అడిగి, తాకి, కొలిచి, ఋజువు చూసుకుని చేసిన చికిత్స. మీరు ప్రయోగశాలలో ఏ పద్ధతి నేర్చుకుంటున్నారో ఇదీ అదే. డాక్టరు తూస్తాడా? వేడి చూస్తాడా? జబ్బు పేరు చెబుతాడా, లేక "ఇది కావచ్చు, పరీక్ష చేస్తే తెలుస్తుంది" అని ఒప్పుకుంటాడా? మందుల పేర్లు కాగితం మీద రాసి ఇస్తాడా? తనకు చేతకానిది ఉంటే పెద్ద ఆసుపత్రికి పంపిస్తాడా? నాకైతే ఈ చివరిదే అన్నిటికన్నా పెద్ద గుణమనిపిస్తుంది. ఖరీదైన కుర్చీలు, అద్దాల తలుపులు లెక్కలోకి రావు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఖర్చు చాలా తక్కువ, అక్కడ మంచి డాక్టర్లు ఉన్నారు. ఇంటి నుంచి కదలలేని పశువుల కోసం 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు కూడా ఉన్నాయి. అవి ముఖ్యంగా పాడిపశువుల కోసం ఏర్పడినవి.

ఈ వెతుకులాటంతా జబ్బు చేశాక చేసేది కాదు. పిల్లిపిల్లో కుక్కపిల్లో ఇంటికి వచ్చిన వారంలోనే ఒకసారి తీసుకువెళ్ళి చూపించండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని బరువెంతో, వేడెంతో డాక్టరు దగ్గర రాసి ఉంటే, జబ్బు చేసిన రోజున తేడా తెలుస్తుంది. రాత్రిపూట అవసరమైతే ఎవరిని పిలవాలో కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి.

మీరు చెయ్యగల కొలతలు

జంతువు తనకు ఎక్కడ నొప్పో చెప్పదు. చెప్పకపోగా దాస్తుంది. అడవిలో కుంటుతూ కనిపించిన జంతువు మీదనే వేటగాడి కన్ను పడుతుంది కనుక, బాధను దాచగలిగినవే బతికి పిల్లల్ని కన్నాయి. ఆ గుణం మన ఇంటి పిల్లిలో ఇంకా ఉంది. అందుచేత రోజూ దాన్ని చూసే మీరే డాక్టరుకు కళ్ళు.

బరువు చూడటం తేలిక. త్రాసు మీద మీరొక్కరే నిలబడండి. 51.2 కిలోలు అనుకుందాం. కుక్కపిల్లను ఎత్తుకుని మళ్ళీ నిలబడండి. 58.4 అయింది. కుక్కపిల్ల 7.2 కిలోలు. ఈ తీసివేత ఎందుకు ముఖ్యమో చూడండి. ఒక మందు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలనుకోండి. అప్పుడు 72 మిల్లీగ్రాములు కావాలి. సీసాలో 5 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములుంటే 7.2 మిల్లీలీటర్లు పొయ్యాలి. "పది కిలోలుంటుందిలే" అని కంటితో చూసి చెబితే 10 మిల్లీలీటర్లు పోస్తారు, అంటే దాదాపు 40 శాతం ఎక్కువ. (ఈ అంకెలు లెక్క కోసం చెప్పినవే. ఏ మందుకూ ఇది మోతాదు అనుకోకండి.)

నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి పడటం ఒక నిమిషంపాటు లెక్కపెట్టండి. లేచి పడటం రెండూ కలిపి ఒక ఊపిరి. కుక్కకైనా పిల్లికైనా నిద్రలో అది 30 దాటకూడదు. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ సరిగా లేదన్న మాట. మెడ మీది చర్మాన్ని పట్టి లేపి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడిపోతే ఒంట్లో నీరు తగ్గిపోయింది. ఇవన్నీ జంతువు మీకు మచ్చికైనదై, నొప్పితో లేనప్పుడే చెయ్యండి. జ్వరమానితో వేడి చూడటం మాత్రం డాక్టరు దగ్గర నేర్చుకుని, పెద్దవాళ్ళు పట్టుకుంటేనే చెయ్యాలి. అది పెట్టవలసింది నోట్లో కాదు, మలద్వారంలో!

ఒక పాత నోటుపుస్తకంలో తేదీ వేసి ఈ కొలతలు రాయండి. ఎప్పటినుంచి తినలేదు, నీళ్ళు తాగుతోందా, వాంతి ఏ రంగు, విరేచనంలో రక్తం ఉందా, మూత్రం పోసిందా రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకువెళ్ళండి. చిన్న శుభ్రమైన డబ్బాలో కొంచెం మలం కూడా తీసుకువెళితే నులిపురుగుల గుడ్లున్నాయేమో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫిట్లు వస్తే ఇంట్లో సెల్‌ఫోనులో ఆ కాసేపూ వీడియో తీసి పెట్టండి. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఫిట్లు ఆగిపోతాయి, మీరు నోటితో చెప్పింది డాక్టరుకు సగమే అర్థమవుతుంది.

పిల్లిని చేతుల్లో పట్టుకుని పోకండి. ఆసుపత్రిలో కుక్క మొరిగితే మీ భుజం గీరేసి గోడ దూకుతుంది. మూతున్న బుట్టలో గాని, కన్నాలు పొడిచిన అట్టపెట్టెలో గాని దానికి అలవాటైన పాత గుడ్డ వేసి పెట్టండి. కుక్కకు గొలుసు ఉండాలి. నొప్పితో ఉన్న మంచి కుక్క కూడా యజమానిని కరుస్తుంది.

టీకా ఎందుకు మళ్ళీ మళ్ళీ?

"కుక్కపిల్లకు ఒకసారి టీకా వేయించాం, మళ్ళీ రమ్మంటున్నారు. డబ్బు కోసమేనా మాస్టారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. తల్లి ముర్రుపాలలో ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి కుక్కపిల్లను కొన్ని వారాలు కాపాడతాయి. అయితే అవి టీకాలోని బలహీనమైన సూక్ష్మజీవులను కూడా శత్రువులే అనుకుని పట్టేస్తాయి. అలాంటప్పుడు పిల్ల శరీరం సొంతంగా ఏమీ నేర్చుకోదు. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఒక పిల్లలో ఏడో వారానికే తగ్గిపోతే, ఇంకో పిల్లలో పద్నాలుగో వారం దాకా ఉంటాయి. ఏ పిల్లకు ఎప్పుడో బయటినుంచి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు వచ్చేదాకా వేస్తారు. ఏదో ఒకటి సరైన సమయానికి తగులుతుంది. మధ్యలో మానేస్తే ఏమవుతుందో పార్వో అనే జబ్బు చూపిస్తుంది. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడిన వైరసు ఇది. పిల్లలు రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో చనిపోతాయి.

టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య చల్లగా ఉండాలి. ఎండలో సంచీలో తిరిగిన టీకా నీళ్ళతో సమానం. సీసాను డాక్టరు ఫ్రిజ్‌లోంచి తీశాడా అని చూడండి. సీసా మీది చీటీని పుస్తకంలో అతికించి, తేదీ వేసి సంతకం పెట్టమని అడగండి.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు. తరువాత డాక్టరు చెప్పినట్టు ఏటా వేయించాలి. ఈ ఒక్కటి మాత్రం కుక్క కోసమే కాదు, మీ కోసం. రేబిస్ వైరసు కాటు నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. మెదడుకు చేరి లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. చేరకముందే టీకా వేసుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటి టీకా వేయించింది ఈ వ్యవధిని నమ్ముకునే. కుక్కో పిల్లో కరిస్తే, గీరినా సరే, వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కను పది రోజులు గమనించమంటారు. కాని ఆ పది రోజులు అయ్యేదాకా మీ టీకా ఆపకూడదు. ఇంట్లో తిడతారని దాచే పిల్లలు ఉంటారు. మీ తమ్ముడో చెల్లెలో అలా దాచినట్టు తెలిస్తే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి.

దాచిన మాట

ఆ అమ్మాయి పిల్లి దగ్గరికి మళ్ళీ వస్తాను. సాయంత్రం ఆరింటికి మందు పట్టింది. తెల్లవారేసరికి పిల్లి మొహం వాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. వాళ్ళ నాయనమ్మ, ఆ అమ్మాయి కలిసి పొద్దున తొమ్మిదింటికి పశువైద్యశాలకు తీసుకువెళ్ళారు. డాక్టరు నీలంగా ఉన్న చిగుళ్ళు చూసి, "ఏమైనా మందు పట్టారా?" అని అడిగాడు. నాయనమ్మకు నిజంగా తెలియదు. "లేదు బాబూ" అంది. అమ్మాయి నోరు విప్పలేదు. ఊపిరితిత్తులదో గుండెదో జబ్బనుకుని డాక్టరు దానికి వైద్యం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి రక్తం తీసి చూస్తే గోధుమరంగులో ఉంది. మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పింది. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్ సిస్టీన్ అనే మందు. అది తెప్పించి ఇచ్చేసరికి సాయంత్రమైంది.

రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చినప్పుడు పక్కకు పిలిచి అడిగాను.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీ పేరు చెప్పవలసి వస్తుందని చెప్పలేదు మాస్టారూ" అంది. కాసేపాగి, "పొద్దున్నే చెప్పి ఉంటే బతికేదా?" అని అడిగింది.

బతికి ఉండవచ్చు అన్నాను. మందు అంత పడ్డాక పొద్దున్నే చెప్పినా దక్కకపోవచ్చని కూడా చెప్పాను. ఆ మందు పట్టమన్నది నేను కనుక తప్పు నాదని ఆమె తరగతి ముందే చెప్పాను. ఆ రోజు పాఠం పారాసిటమాల్ మీదే జరిగింది.

ఆ ఆదివారం పశువైద్యశాల డాక్టరుగారిని కలిశాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. "మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ముందు ఏదో ఒకటి పట్టించే వస్తారండీ. తిడతామని చెప్పరు. మేము తిట్టం, చెబితే చాలు. వేపాకు రసం పోసినా, తాయెత్తు కట్టినా, మీ బిళ్ళ వేసినా సరే, మాకు తెలియాలి. మా రోగి చెప్పడు కదా" అన్నారు. పారేసిన బిళ్ళ కాగితం, తాగించిన సీసా ఉంటే అవి కూడా పట్టుకు రమ్మన్నారు. ఖర్చు భరించలేకపోతే ఆ మాట కూడా ముందే చెప్పమన్నారు. అన్ని పరీక్షలూ చెయ్యలేకపోయినా వాటిలో ఏది ముఖ్యమో తాము ఎంచి చెబుతామనీ, చెప్పకుండా సగంలో మానేస్తేనే నష్టమనీ అన్నారు.

సంక్రాంతి సెలవుల తరువాత ఆ అమ్మాయి ఇంటికి ఇంకో పిల్లిపిల్ల వచ్చింది. నోటుపుస్తకం తెచ్చి చూపించింది. మొదటి పేజీలో డాక్టరుగారి పేరు, నమోదు సంఖ్య, ఫోను నంబరు. రెండో పేజీలో బరువు 640 గ్రాములు, కూరగాయల త్రాసులో తూచిందట. వేడి 101.6, అది డాక్టరుగారే చూశారు. కింద మొదటి టీకా చీటీ అతికించి ఉంది. నిద్రలో ఊపిరి 34 వచ్చిందట. "30 దాటకూడదన్నారు కదా మాస్టారూ?" అని నన్ను అడిగింది. పిల్లిపిల్లలకు కొంచెం ఎక్కువ ఉండవచ్చని నాకు తోచింది గాని, ఈసారి ఆ మాట అనకుండా సైకిలు తీశాను. ఇద్దరం పశువైద్యశాలకు వెళ్ళి అడిగాం.

"నిద్రలోనేనా, పాలు తాగి గురగురలాడుతున్నప్పుడా?" అని డాక్టరుగారు ఎదురుప్రశ్న వేశారు. పాలు తాగిన వెంటనేనట. గాఢనిద్రలో ఉన్నప్పుడు మూడు రాత్రులు వరసగా లెక్కపెట్టి రాసుకు రమ్మన్నారు. 26, 24, 27 వచ్చాయి.